జవాబు రాయకపోతే ఏమన్నట్టు?

నిచ్చెనల కార్ఖానా,
సోమవారం.

చిన్నోడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం బాగున్నాం. నువ్వూ బాగానే ఉన్నావనుకుంటున్నా. లేకపోతే ఈపాటికి ఏదో ఒకటి కావాలని రాసేవాడివి కదా.

అసలు సంగతికి వస్తా. మన కార్ఖానా అమ్ముడుపోయిందట. నాకు నిన్ననే తెలిసింది.

నవ్వకు. మొదట్నించీ చెప్తా, విను. కొన్నాళ్ల కిందట నువ్వుంటున్న ఆ దేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన పెద్ద వ్యాపారి. నిచ్చెనలు, బల్లలు, ఎత్తుపీటలు అన్నీ అమ్మే సంస్థ ఆయనది. కాగితం పైన ఆయన బొమ్మ అచ్చేసి ఉంది, నెత్తిన టోపీతో. అందుకని ఇంట్లో ఆయన్ని టోపీ ఆయన అంటున్నాం. మన నిచ్చెన ఒకటి ఎవరింట్లోనో చూశాడట. ఎక్కితే ఊగలేదట, కిర్రుమనలేదట. మెచ్చుకోవడానికే ఒక పేజీ పట్టింది. రెండో పేజీలో, "మీ కార్ఖానాని ఈ ధరకి మా సంస్థలో కలుపుకోవాలని మా కోరిక. మీ అభిప్రాయం తెలియజేయగలరు" అని రాశాడు.

నేనేం చేశాను? మర్యాద తెలిసిన మనిషి చేసే పనే చేశాను. జవాబు రాయకుండా ఊరుకున్నాను. నీకు తెలుసుగా, మన బజారులో ఏ వ్యాపారీ ఇంకో వ్యాపారికి "ఇవ్వను" అని రాయడు. అలా రాస్తే గుమ్మంలోకొచ్చినవాణ్ణి మెడపట్టి గెంటినట్టే. అక్కర్లేదనుకుంటే మాట్లాడం, అంతే. అవతలివాడు కొన్నాళ్లు చూసి, అర్థం చేసుకుని, తన దారిన తను పోతాడు. నాన్న అలాగే చేసేవాడు. నాన్న జవాబివ్వని వాళ్లంతా చివరిదాకా ఆయనతో స్నేహంగానే ఉన్నారు.

నిన్న ఒకతను టేపు పట్టుకుని వచ్చాడు. నమస్కారం పెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకి టేపు లాగడం మొదలుపెట్టాడు. బోర్డు ఎక్కడ తగిలించాలమ్మా అని అడిగాడు. ఏం బోర్డయ్యా అన్నాను. కొత్త యజమానిగారి బోర్డు అన్నాడు. నేనెవరికీ అమ్మలేదు బాబూ అన్నాను. "మీరు కాదనలేదు కదమ్మా" అన్నాడు, చంటిపిల్లకి చెప్పినట్టు. నాకు నోట మాట రాలేదు. నోట మాట రాకపోవడాన్ని కూడా ఏదో కాగితం మీద రాసుకున్నాడు.

మా తమ్ముడు రెండు దేశాల వ్యాపార చట్టాల్ని కలిపి ఒకటి చేసే ఆఫీసులో ఉన్నాడని అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నా. ఆ గొప్పేదో ఇప్పుడు కాస్త చూపించు. ఈ కార్ఖానా నాదా, ఆయనదా?

ఇట్లు,
నీ అక్క.

తా.క. టేపు మనిషి మీ బావని కూడా కొలిచాడు. ఆయన మూల పీట మీద కూర్చుని కదల్లేదు, పలకలేదు. సామానులో రాసుకున్నట్టున్నాడు.


వ్యాపార చట్టాల సమన్వయ కార్యాలయం,
మెట్ల పక్క గది.

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో టీ చేతిలోనే చల్లారిపోయింది. చెప్పడానికి నాకు భయంగా ఉంది గానీ, చెప్పక తప్పదు. ఇక్కడి చట్టం ప్రకారం కార్ఖానా ఆయనదే. మన చట్టం ప్రకారం నీదే. ఇద్దరిలో ఎవరూ తప్పు చెయ్యలేదు. అదే చిక్కు.

మన దేశంలో చట్టమంటే పాత జడ్జీలు ఇచ్చిన తీర్పులు. ఎప్పుడో ఎవడో చేపల వ్యాపారి ఒక ఉత్తరానికి జవాబివ్వలేదు. పలకనివాడు ఒప్పుకోనట్టే అన్నాడు జడ్జి. మిగతా జడ్జీలందరూ ఆ చేపలాయన్నే తలుచుకుంటూ వచ్చారు. ఇక్కడ అలా కాదు. ఇక్కడ చట్టమంటే పుస్తకం. పుస్తకంలో లేనిది లోకంలో లేదు. ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి బేరం రాస్తే, రెండోవాడు వెంటనే కాదనకపోతే అవునన్నట్టే అని ఆ పుస్తకంలో ఉంది.

ఈ తిరకాసు విప్పడానికే మా ఆఫీసు పెట్టారు. ఇది పదకొండో క్లాజు. నేను ఉద్యోగంలో చేరిన రోజు దీని మీద మాట్లాడుతున్నారు. ఇవాళా దీని మీదే మాట్లాడుతున్నారు. మన దేశం తరఫున వచ్చినాయన్ని మేం దగ్గాయన అంటాం, ఎందుకో చెప్పక్కర్లేదు. ఇక్కడివాళ్ల తరఫున కళ్లజోళ్లావిడ ఉంది. పుస్తకం చదవడానికి ఒక జోడు, మనుషుల్ని చూడ్డానికి ఒక జోడు. ఇద్దరూ ఎంతో మంచివాళ్లు. దెబ్బలాడుకునేవాళ్లయితే ఈ క్లాజు ఎప్పుడో తేలిపోయేది. మొన్న ఆవిడ ఏదో అడిగితే ఆయన దగ్గాడు. దగ్గు జవాబు కిందికి వస్తుందా, మౌనం కిందికి వస్తుందా అని ఆవిడ చాలా వినయంగా అడిగింది. దాని మీద ఉపసంఘం వేశారు. ఎవరో లేచి, పోనీ మౌనాన్ని సగం ఒప్పుకోలుగా తీసుకుందామన్నారు. అయితే సరుకులో ఏ సగం అని ఇంకొకరు అడిగారు. అందరూ భోజనానికి లేచారు.

వీళ్లు తేల్చేదాకా ఆగకు. టోపీ ఆయనకి వాళ్ల పద్ధతిలోనే రాసెయ్. మొహమాటపడకు. "అమ్మను" అని ఒక్క ముక్క. వాళ్ల దేశంలో అది అమర్యాద కాదు. ఇక్కడ పాలవాడు కూడా రేపు రానని కాగితం మీద రాసిస్తాడు.

ఇట్లు,
నీ తమ్ముడు.

తా.క. ఇక్కడ పనిచేస్తూ సొంత అక్కకి సలహా ఇవ్వచ్చా అని మా పెద్దసారుని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఆయనది ఏ దేశమో నాకింకా తెలీదు.


నిచ్చెనల కార్ఖానా,
గురువారం.

చిన్నోడికి అక్క దీవెనలు.

నువ్వు చెప్పినట్టే రాశాను. ఒక్క ముక్క అంటావు, ఆ ఒక్క ముక్క రాయడం ఎంత కష్టమో నీకేం తెలుసు. మొదట "ప్రస్తుతానికి ఆ ఆలోచన లేదు" అని రాశాను. మరీ మెత్తగా ఉందని చించేశాను. "క్షమించాలి, అమ్మలేము" అన్నాను. నా కార్ఖానా నేను ఉంచుకోవడానికి ఆయన క్షమించడమేమిటని అదీ చించేశాను. చివరికి కళ్లు మూసుకుని "కార్ఖానా అమ్మను" అని రాసి, సంతకం పెట్టి, ఎవరి కంటా పడకుండా సంచి అడుగున దాచుకుని పోస్టుకి పట్టుకెళ్లాను. పోస్టులో అమ్మాయి మొహం కూడా చూడలేకపోయాను.

తిరుగు టపాలో జవాబొచ్చింది. టోపీ ఆయన ఎంత సంతోషించాడని! ఆయన మాటలే ఎత్తి రాస్తున్నా.

"అమ్మా, ముందుగా నన్ను మన్నించాలి. మీ మౌనానికి మా దేశపు అర్థం చెప్పుకుని పొరపాటు చేశాను. ఇప్పుడు మీ వైపు పద్ధతులు తెలిసిన నిపుణుణ్ణి ఒకాయన్ని అడిగాను. మీ దగ్గర అమ్మడం ఇష్టం లేనివాళ్లు అసలు జవాబే రాయరట. శ్రమపడి ఉత్తరం రాసి మరీ 'అమ్మను' అన్నారంటే బేరానికి తలుపు తీశారన్నమాటేనట. ఎంత సున్నితమైన పద్ధతి! ఇకమీదట నేను మీ చట్టం ప్రకారమే నడుచుకుంటాను. ధర పెంచుతున్నాను."

చూశావా? నేను సిగ్గు చంపుకుని వాళ్ల చట్టం పాటించాను. ఆయన నా మీద గౌరవంతో మన చట్టం పాటించాడు. మేమిద్దరం మళ్లీ చెరో గట్టునే ఉన్నాం, కాకపోతే గట్లు మారాం.

ఇక్కడ పని సాగడం లేదు. వడ్రంగులు ముగ్గురూ పొద్దున్నే వస్తున్నారు గానీ చేతులు కదలడం లేదు. "ఎవరి నిచ్చెనలమ్మా ఇవి?" అని అడుగుతున్నారు. నాన్న ఉన్నప్పట్నుంచీ చేస్తున్నవాళ్లు అడగాల్సిన మాటేనా అది? నావేనని గట్టిగా అన్నాను. అన్నాక, ఇలా గట్టిగా అంటే ఏ దేశంలో ఏమర్థమో అని అనుమానం వచ్చి లోపలికి వచ్చేశాను.

నీ జవాబు కోసం చూస్తుంటా. నువ్వు మాత్రం ఊరుకోకు, నీ ఊరుకోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలీదు.

ఇట్లు,
అక్క.

తా.క. రంగులాయన ఒక నిచ్చెనకి సగం దాకా రంగేసి ఆపేశాడు. మిగతా సగం కొత్త యజమాని ఏ రంగంటాడో అని.


వ్యాపార చట్టాల సమన్వయ కార్యాలయం,
మెట్ల పక్క గది.

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మా ఆఫీసులో ఎంత కలకలం రేపిందో చెప్పలేను. నీ పేరు చెప్పలేదులే. "ఒక నిచ్చెనల ఆవిడ" అని మాత్రం చెప్పి, సభలో చదివి వినిపించాను. రెండు పక్షాలూ నోరు వెళ్లబెట్టాయి. కళ్లజోళ్లావిడ రెండు జోళ్లూ ఒకేసారి పెట్టేసుకుంది. ఎదుటివాళ్ల చట్టాన్ని గౌరవించి ఇద్దరూ చెడిపోయిన కేసు ఇంతవరకూ పుస్తకంలోనూ లేదట, పాత తీర్పుల్లోనూ లేదట. నాకు కుర్చీ వేశారక్కా. ఇన్నాళ్లూ నేను నిలబడే రాసుకునేవాణ్ణి.

నువ్వు కంగారుపడకు. నేను బాగా ఆలోచించాను. ఆయన ఇకమీదట మన చట్టం ప్రకారం నడుచుకుంటానని మాట ఇచ్చాడు కదా? మన చట్టంలో మౌనమంటే ఏమిటి? ఇష్టం లేదనేగా? అందుకని ఇప్పుడు నువ్వు ఊరుకో. పలక్కు, రాయకు, కబురు పంపకు. పొరపాటున నమస్కారం కూడా పెట్టకు. నీకు చేతనైన పనే కదా, ఇన్నేళ్లూ చేసిందే. ఆయన సంగతి అర్థం చేసుకుని తప్పుకుంటాడు.

నా మాట నమ్ము. ఈ ఒక్క క్లాజు నాకు నిద్రలో కూడా వస్తుంది.

ఇట్లు,
తమ్ముడు.

తా.క. మౌనంగా ఉండే మనిషి ఎవరైనా మీకు తెలుసా అని ఉపసంఘం వాళ్లు అడిగితే బావగారి గురించి చెప్పాను. ఆయన మౌనానికి ఇంట్లో అర్థమేమిటి అన్నారు. మా అక్కకి పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పరిశోధన అన్నాను. నివేదిక ఉంటే పంపమంటున్నారు.


నిచ్చెనల కార్ఖానా,
బుధవారం.

ఒరేయ్ చిన్నోడా,

ఈసారి ఆశీస్సులు లేవు. మిగిలితే తర్వాత పంపిస్తా.

నీ మాట విని నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నాకు అది ఎంత శిక్షో నీకు తెలుసు. నిన్న టోపీ ఆయన ఉత్తరం వచ్చింది. "అమ్మా, మీ మౌనం నా మనసుని కదిలించింది. పోయినసారి మీరు మా పద్ధతిలో జవాబు రాశారని నాకు ఆలస్యంగా అర్థమైంది. మీరు అంత పెద్ద మనసుతో మా చట్టంలోకి వచ్చినప్పుడు, నేను మీ చట్టంలో కూర్చోవడం మర్యాద కాదు. నేనూ మా చట్టంలోకే వచ్చేశాను. మా చట్టంలో మీరు ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే. కృతజ్ఞతలు. ఒకటో తారీఖున బోర్డు తగిలించడానికి నేనే స్వయంగా వస్తాను" అని రాశాడు.

బోర్డు అప్పుడే వచ్చేసింది. పెరట్లో గోడ వారగా పడుకోబెట్టి ఉంది. మంచి పలక, మంచి అక్షరాలు. పైన ఆయన సంస్థ పేరు, కింద చిన్నగా మన పేరు. మీ బావ వెళ్లి దాని మీద గోనెపట్టా కప్పి వచ్చారు. ఎందుకు కప్పారో అడిగాను. జవాబు లేదు. మీ ఉపసంఘానికి పంపు.

నాకు ఆయన మీద కోపం రావడం లేదు, అదీ నా బాధ. దొంగో మోసగాడో అయితే నాలుగు దులిపేసేదాన్ని. ఇంత మర్యాదస్తుడు నా ఇల్లు గుల్ల చేస్తుంటే ఏమని తిట్టను? అందుకని నిన్ను తిడుతున్నా. నువ్వు అక్కడ కుర్చీలో కూర్చుని మాట్లాడమంటే మాట్లాడాను, మానమంటే మానాను. రెండుసార్లూ కొంప మునిగింది.

నిజం చెప్తున్నా, చిన్నోడా. ఈ కార్ఖానా పోతే పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్లాలి? చెక్క వాసన చూసి ఇది మెట్టుకి పనికొస్తుందో నిలువుకి పనికొస్తుందో చెప్పడం తప్ప నాకు ఇంకేం వచ్చు? ఆయన నన్ను మేనేజరుగా ఉంచుతానంటున్నాడు. నా సొంత కుర్చీలో నన్నే ఉంచుతాడట! రాత్రి భోజనం సహించలేదు.

ఒకటో తారీఖులోగా నీ చట్టం తేల్చు. ఎటు తేల్చినా సరే, తేల్చు.

అక్క.

తా.క. వడ్రంగులు ఇవాళ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రమ్మంటారా, వద్దంటారా అన్నట్టు చూశారు. నేను ఏమీ అనలేకపోయాను. ఇద్దరు లోపలికొచ్చారు, ఒకతను ఇంటికెళ్లిపోయాడు.


వ్యాపార చట్టాల సమన్వయ కార్యాలయం,
కిటికీ పక్క గది. (గది మార్చారు.)

అక్కకి వెయ్యి నమస్కారాలు.

అక్కా, గెలిచాం! పదకొండో క్లాజు నెగ్గింది!

నీ బుధవారం ఉత్తరం కూడా సభలో చదివాను. తిట్లు తీసేసి చదివాను. "పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్లాలి" అన్న చోట అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఏ దేశానిదో ఎవరూ అడగలేదు. తర్వాత దగ్గాయన లేచాడు. "మా పాత తీర్పుల కోసం ఒక ఆడమనిషి కార్ఖానా పోతుందంటే నాకు పట్టుదల అక్కర్లేదు. కళ్లజోళ్లమ్మగారి నియమమే మేం తీసుకుంటున్నాం" అన్నాడు. చివరిదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆవిడ కూడా లేచింది. "మా పుస్తకం కోసం ఒకరి బతుకు కూలిపోతుందంటే ఆ పేజీ నేనే చించేస్తాను. దగ్గుబాబుగారి నియమమే మేం తీసుకుంటున్నాం" అంది. ఎంత గొప్పగా ఉందో చెప్పలేనక్కా. చప్పట్లే చప్పట్లు. పెద్దసారు కళ్లు తుడుచుకున్నారు. వెంటనే సంతకాలయ్యాయి, రెండు దేశాలకీ తంతి వెళ్లింది. ఒకటో తారీఖు నుంచే అమలు.

ఇక రెండు దేశాలకీ ఒకటే మాట. నీ సమస్య తీరిపోయింది. తీరిగ్గా భోంచెయ్యి.

ఇట్లు,
నీ తమ్ముడు.

తా.క. ఈ క్లాజుకి సాఫు ప్రతి రాసే పని నాకే ఇచ్చారు. జీతం పెంచుతారనుకుంటున్నా. ఎవరూ చెప్పలేదు, కాదని కూడా అనలేదు.


నిచ్చెనల కార్ఖానా,
శనివారం.

చిన్నోడికి అక్క ఆశీస్సులు (తాత్కాలికం).

నీ ఉత్తరం చదివి మొదట సంతోషించాను. వడ్రంగులకి చదివి వినిపించాను, వాళ్లూ సంతోషించారు. రంగులాయన మాత్రం కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏమయ్యా అంటే, "ఆయన ఆవిడ మాట ఒప్పుకున్నాడు, ఆవిడ ఆయన మాట ఒప్పుకుంది, బాగానే ఉంది గానీ, ఇంతకీ ఎవరి మాట నిలబడిందమ్మా?" అన్నాడు.

చెప్పబోయాను. ఇద్దరం కాగితం మీద గీతలు గీసి చూశాం. నేను గీస్తే ఒకటి వచ్చింది, ఆయన గీస్తే ఇంకోటి వచ్చింది. బుర్ర వేడెక్కిపోయి ఆ కాగితం పొయ్యిలో పడేశాను.

మాకే అర్థం కాలేదేమో. నువ్వు సాఫు రాస్తున్నావు కదా, ఒక్కసారి చదివి చెప్పు. టోపీ ఆయన ఒకటో తారీఖు పొద్దున వస్తున్నాడు. నేను మాట్లాడాలా, ఊరుకోవాలా?

ఇట్లు,
అక్క.

తా.క. రంగులాయన ఇంకా మిగతా సగం వెయ్యలేదు.


వ్యాపార చట్టాల సమన్వయ కార్యాలయం,
మెట్ల పక్క గది. (మళ్లీ మార్చారు.)

అక్కకి,

సాఫు రాస్తూ రాస్తూ మధ్యలో కలం కింద పెట్టేశాను.

మన దేశం వాళ్ల నియమం తీసుకుంది. వాళ్ల దేశం మన నియమం తీసుకుంది. ఒకటో తారీఖు నుంచి అక్కడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టు, ఇక్కడ ఊరుకుంటే కాదన్నట్టు. మొన్నటిదాకా ఎంత తేడా ఉందో ఇప్పుడూ అంతే ఉంది, తిరగేసి ఉంది. పరుగెత్తుకెళ్లి పెద్దసారుకి చెప్పాను. ఆయన లేచి తలుపు మూసి వచ్చి, "రెండు వైపులా చెరి సమానంగా తగ్గారు కదా, సమన్వయం అంటే అదే" అన్నారు. తర్వాత "ఇంకెవరికైనా చెప్పావా?" అన్నారు. లేదన్నాను. గది మార్చారు.

దగ్గాయన ఊరికి వెళ్లిపోయాడు. కళ్లజోళ్లావిడకి సన్మానం జరుగుతోంది. తంతిని వెనక్కి పిలవడానికి ఏ క్లాజు కిందా వీలు లేదట.

అక్కా, సలహా అడక్కు. నేనిచ్చిన సలహాలు నాకు గుర్తున్నాయి. ఒక్కటి మాత్రం చెప్తా, ఇది చట్టం కాదు, తమ్ముడి మాట. ఒకటో తారీఖు నుంచి నువ్వు ఊరుకుంటే మన దేశంలోనే కార్ఖానా పోతుంది. ఉత్తరం రాస్తే బేరమంటున్నారు. అందుకని ఆయన గుమ్మంలోకి రాగానే, ఎదురుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి, నోటితో చెప్పు, ఇవ్వనని. నోటితో ఎదురుగా చెప్తే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు, ఏ తీర్పులోనూ లేదు. నేను వెతికాను. ఎవరూ ఎప్పుడూ చెప్పి చూసినట్టు లేరు.

ఇట్లు,
తమ్ముడు.

తా.క. కుర్చీ కూడా తీసేశారు.


నిచ్చెనల కార్ఖానా,
రెండో తారీఖు.

చిన్నోడికి అక్క మనస్ఫూర్తిగా ఆశీస్సులు.

నిన్న తెల్లారకముందు నుంచీ అద్దం ముందు నిలబడి "ఇవ్వను" అని అనుకుంటూనే ఉన్నాను. మొహమాటం పోవడానికి మొదట గోడకి చెప్పాను, తర్వాత మీ బావకి చెప్పాను. బండి చప్పుడు వినపడగానే గుమ్మంలోకి వెళ్లి, వచ్చినాయన మొహం కూడా సరిగ్గా చూడకుండా, "ఇవ్వను! ఈ కార్ఖానా ఇవ్వను!" అని అరిచేశాను. రంగులాయన నిచ్చెన మీంచి దిగిపోయాడు. వీధిలో ఎవరో ఆగి చూశారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. జన్మలో మొదటిసారి.

తర్వాత చూశాను. టోపీ ఆయనే, కానీ నెత్తిన టోపీ లేదు. బొమ్మలో కంటే ముసలివాడు. కోపం తెచ్చుకోలేదు, బేరమూ ఆడలేదు. తిన్నగా పెరట్లోకి నడిచి, గోనెపట్టా కప్పిన బోర్డు మీద కూలబడి, "ఇవ్వక్కర్లేదమ్మా. తీసుకోవడానికి ఇప్పుడు నాకు సంస్థే లేదు" అన్నాడు.

అసలు జరిగిందేమిటంటే, పోయిన వారం ఆయనకి ఇంకో దేశం నుంచి, ఆయనకంటే పెద్ద వ్యాపారి దగ్గర్నుంచి, ఒక ఉత్తరం వచ్చిందట. మీ సంస్థని మాలో కలుపుకోవాలని కోరిక అని. కొత్త చట్టం రాబోతోందని అప్పటికే పత్రికల్లో చదివాడు. ఇకమీదట ఊరుకుంటే కాదన్నట్టే కదా అని, నా దగ్గర నేర్చుకున్న మర్యాద కొద్దీ, జవాబు రాయకుండా ఊరుకున్నాడట. కానీ ఆ మూడో దేశంలో మౌనంతో పని లేదు, జవాబుతోనూ పని లేదు. అక్కడ కవరు చింపితే ఒప్పుకున్నట్టే. చదివాక వద్దనడం అక్కడ నమ్మకద్రోహం. మర్నాడే వాళ్ల మనిషి వచ్చి గోడలు కొలిచాడట. ఎవరనుకున్నావు? మన టేపు మనిషే. అతను ఎవరు పిలిస్తే వాళ్లకి కొలుస్తాడు.

కోర్టుకి వెళ్లకపోయారా అన్నాను. "ఏ దేశం కోర్టుకమ్మా?" అన్నాడు.

నాకు సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. కార్ఖానా నాకు దక్కింది. ఆ సంతోషం దాచుకోలేను, దాచుకోను. కానీ చిన్నోడా, కొన్నాళ్లుగా అద్దంలో నేను చూసుకుంటున్న మొహమే ఆ బోర్డు మీద కూర్చుని ఉంది. పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియని మొహం. టీ ఇచ్చాను. తాగాడు. కాసేపాగి, "ఇక్కడ ఏదైనా పని దొరుకుతుందా అమ్మా?" అని అడిగాడు.

నేను వెంటనే ఏమీ అనలేదు. ఆలోచిస్తున్నానంతే, ఏ పనిలో పెట్టాలా అని. ఆయనకి అది తెలీదుగా. నా మౌనం చూసి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ సగం లేచాడు. ఏ చట్టం పట్టుకోవాలో తెలియక కూర్చోలేకా నిలబడలేకా అవస్థపడుతుంటే, మీ బావ మూల పీట మీంచి లేచి వచ్చి, ఆయన చేతిలో చిత్రిక పెట్టి, ముందు ఒక మెట్టు చెక్క పెట్టారు.

ఇవాళ పొద్దున్నే వచ్చాడు, అందరికంటే ముందు. చిత్రిక వంకరగా పడుతోంది. పెద్ద సంస్థ నడిపినంత మాత్రాన చెక్క మాట వింటుందా? వడ్రంగులు నవ్వుతున్నారు, ఆయనా నవ్వుతున్నాడు. రంగులాయన కూడా మిగతా సగం వేసేశాడు. పని నడుస్తోంది.

ఇట్లు,
నీ అక్క.

తా.క. ఇవాళ టపాలో ఆ మూడో దేశం నుంచి మనకీ ఒక కవరు వచ్చింది. బల్ల మీద జిగురు డబ్బా కింద పెట్టాం. ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. ఈ గోల తేలేదాకా ఈ ఇంట్లో ఏ కవరూ విప్పకూడదని అనుకున్నాం. పైన పేరు చూసి విప్పచ్చు కదా అంటావు. టోపీ ఆయన కూడా పేరు చూసే విప్పాడట. నీవి రెండు వచ్చి ఉన్నాయి, వాటినీ విప్పలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఇక నువ్వే రా.